తైవాన్ చుట్టూ పది రోజులు: గైడుతో చిన్న గ్రూపు టూర్ తీసుకోవాలా, మనమే వెళ్ళిరావచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. భార్యాభర్తలు, అరవై దాటిన అమ్మానాన్నలు, మొత్తం నలుగురు. నవంబర్‌లో తైవాన్ ద్వీపం చుట్టి రావాలని ఉంది. ఒక కంపెనీ పన్నెండు మంది గ్రూపుతో, గైడుతో, తొమ్మిది రాత్రుల టూర్ ఇస్తోంది. విమానం కాకుండా మనిషికి లక్షా ఎనభై వేలు. పెద్దవాళ్ళు శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. నలుగురికీ అమెరికా వీసాలున్నాయి. అక్కడ రైళ్ళు బాగుంటాయంటున్నారు కదా, అంత డబ్బు పెట్టడం అవసరమా?

ముందు సూటిగా చెప్తానండి. ద్వీపం మొత్తానికీ గైడు అక్కర్లేదు. పడమటి సగం మీరే హాయిగా తిరగొచ్చు. కొండలకూ తూర్పు తీరానికీ మాత్రం బండి, డ్రైవరు ఉండాల్సిందే. అలా విడదీసుకోవడం మీకు తలనొప్పి అనిపిస్తే పూర్తి టూరే తీసుకోండి, తప్పేం లేదు. కానీ ఆ టూర్ ఎన్ని ప్రదేశాలు చూపిస్తుందన్నది పక్కన పెట్టి, ఎన్నిచోట్ల వరుసగా రెండు రాత్రులు పడుకోనిస్తుందో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు టూర్ మంచిదా కాదా అన్నది నేను ఆ లెక్కతోనే తేలుస్తాను.

నేను హైదరాబాద్ నుంచి తూర్పు ఆసియాకు గ్రూపులను తీసుకెళ్ళే టూర్ మేనేజర్‌ని. తైవాన్‌కు ఎక్కువగా ఎనిమిది నుంచి పద్నాలుగు మందిని తీసుకెళ్తుంటాను, అక్కడ లైసెన్సున్న లోకల్ గైడు మాతో కలుస్తారు. అంటే టూర్లు అమ్ముకుని బతికేవాడినే. అది గుర్తుంచుకునే నా మాట చదవండి.

ఎందుకు రెండు సగాలంటున్నానంటే, ఆ ద్వీపం తీరే అంత. పొడవు 400 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా పర్వతాలు, అందులో యూషాన్ శిఖరం 3,952 మీటర్లు. మైదానమంతా పడమటి వైపే ఉంది. జనమూ, పెద్ద నగరాలూ, 2007లో మొదలైన హైస్పీడ్ రైలూ అటే. తూర్పున కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది, ఆ సందులోనే రోడ్డూ మామూలు రైలూ సర్దుకున్నాయి. ద్వీపం చుట్టూ రైలు మార్గం 1991లో పూర్తయింది కాబట్టి రైలెక్కి చుట్టి రావడం కుదురుతుంది. కాకపోతే తూర్పున చూడాల్సినవి స్టేషన్ల దగ్గర ఉండవు.

పడమర సంగతి త్వరగా చెప్పేస్తాను. తైపే నుంచి దక్షిణాన కౌషుంగ్‌లోని జోయింగ్ దాకా సుమారు 350 కిలోమీటర్లు, వేగంగా వెళ్ళే బండిలో రెండు గంటల లోపే. స్టేషన్లలో అనౌన్స్‌మెంట్లు ఇంగ్లీషులోనూ ఉంటాయి, లిఫ్టులుంటాయి. ఈజీకార్డ్ అని ఒక కార్డు కొంటే మెట్రోకూ సిటీ బస్సుకూ సెవెన్ ఎలెవెన్ షాపులోనూ అదే పనిచేస్తుంది. తైపే 101 అనే ఎత్తైన భవనం ఎక్కడానికీ, నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఆకుపచ్చ జేడ్ రాతితో చెక్కిన క్యాబేజీని చూడటానికీ గైడు జెండా వెనకాల నడవాల్సిన పని లేదు. తైనాన్ కూడా అంతే, చదునైన ఊరు, మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు. డచ్చివాళ్ళు 1624లో వచ్చి కట్టుకున్న కోటా, 1662లో వాళ్ళను వెళ్ళగొట్టిన చైనా సేనాని కోషింగా గుళ్ళూ అన్నీ టాక్సీ దూరంలోనే. ఒక్క హెచ్చరిక: తైపే మెట్రోలో మంచినీళ్ళు తాగినా జరిమానా వేస్తారు. మనవాళ్ళు చేతిలో బాటిల్ పట్టుకుని ఎక్కి మూత తీస్తుంటారు, ముందే చెప్పి ఉంచండి.

ఇక బండి లేకపోతే నిజంగా అవస్థ పడే చోట్లు మూడు.

మొదటిది సన్ మూన్ లేక్ సరస్సు నుంచి అలీషాన్ అనే కొండ ఊరికి. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. మధ్యలో కొండ దారి, మూడు గంటల పైనే పడుతుంది. రోజుకు ఒకటి రెండు బస్సులు తప్ప ఏమీ ఉండవు, అది తప్పిపోతే కిందికి తైచుంగ్ దాకా దిగి, చియాయి వెళ్ళి, మళ్ళీ పైకెక్కాలి. రోజంతా దానికే. రెండోది దక్షిణ కొస కెంటింగ్ నుంచి తూర్పున తైతుంగ్‌కు. కొస దాకా రైలు లేదు, వెనక్కి ఫాంగ్‌లియావ్ వచ్చి అక్కడ రైలు పట్టుకోవాలి. మూడోది తైతుంగ్ నుంచి హువాలియెన్ దాకా సముద్రం పక్కనే పోయే 11వ నంబర్ రహదారి. నా దృష్టిలో తైవాన్ మొత్తంలో చూడాల్సిన దారి అదే. సాన్‌షియాన్‌తై దగ్గర ఎనిమిది కమానుల వంతెన, అమీస్ తెగవాళ్ళ ఊళ్ళు, నల్లరాళ్ళ తీరాలు ఈ దారిలోనే వస్తాయి. రైలేమో కొండ వెనకాల లోయలో పోతుంది కాబట్టి ఇవేవీ కనిపించవు.

ఈ దారి విషయంలో చిన్న కిటుకు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. పడమటి వైపు దిగి తూర్పు వైపు ఉత్తరంగా వస్తే సముద్రం మీ పక్క వరుసలోనే ఉంటుంది, ఆగాలన్నా సులువు. తిరగేసి వెళ్తే ఎదురొచ్చే బండ్ల మీదుగా చూడాలి. సైకిల్ మీద ద్వీపం చుట్టేవాళ్ళలో ఎక్కువమంది కూడా అలాగే వెళ్తారు. మీ కంపెనీ ప్లాన్ ఏ దిశలో ఉందో చూడండి. అటుగా ఉంటే, ప్లాన్ వేసినవాళ్ళు ఆ దారిలో తిరిగినవాళ్ళని అనుకోవచ్చు.

ఇప్పుడు రాత్రుల లెక్క. మీరు పంపిన ప్లాన్‌లో తొమ్మిది రాత్రులకు ఏడు హోటళ్ళున్నాయి. అంటే దాదాపు ప్రతి పొద్దునా ఏడున్నరకల్లా సూట్‌కేసులు తలుపు బయట పెట్టాలి. మొదటి మూడు రోజులు అందరూ ఉత్సాహంగానే ఉంటారు. నాలుగో రోజు నుంచి పెద్దవాళ్ళు "మీరు చూసి రండి, మేం బస్సులో కూర్చుంటాం" అనడం మొదలవుతుంది. చూసే ఆసక్తి లేక కాదు, నిద్ర చాలక. నేను నడిపే టూర్లలో తైపే, తైనాన్, తైతుంగ్ ఈ మూడు చోట్లా రెండేసి రాత్రులు పెట్టిన తర్వాత బస్సులో కూర్చుండిపోయేవాళ్ళు బాగా తగ్గారు. రెండు ప్రదేశాలు తీసేయాల్సి వచ్చింది. ఫలానాది చూడలేదని తిరిగొచ్చాక ఎవరూ ఫోన్ చేయలేదు.

కంపెనీవాళ్ళు దీనికి ఒప్పుకోరు, ఎందుకంటే బ్రోషర్‌లో ఇరవై పేర్లుంటే అమ్ముడుపోతుంది, పన్నెండు ఉంటే పోదు. ధర మరీ తక్కువగా ఉందంటే ఇంకోటి కూడా చూసుకోండి: టీ షాపు, పగడాల షాపు, పైనాపిల్ కేకుల షాపు. వాటిలో గంటేసి నిలబెడతారు. టీ వరకు నాకు అభ్యంతరం లేదు, అలీషాన్ ఊలాంగ్ నిజంగానే బాగుంటుంది. పగడాల షాపులో గంట మాత్రం ఎవరికీ వద్దు. ఎన్ని షాపింగ్ స్టాపులో మెయిల్‌లో రాయించుకోండి.

"చిన్న గ్రూపు" అన్న మాటను అలాగే నమ్మకండి. పన్నెండు మందికి ఇరవై సీట్ల బస్సు ఇస్తే సుఖం. తొమ్మిది సీట్ల వ్యాన్లో ఎనిమిది మందిని కూర్చోబెడితే మనుషులు పడతారు, మన సూట్‌కేసులు పట్టవు. మనవాళ్ళ ఒక్కో పెట్టె ఎంతుంటుందో మీకు తెలుసు. వాహనం ఏది, ఎన్ని సీట్లు, సామాను ఎక్కడ పెడతారు అని అడగండి. కనీసం ఎంతమంది చేరితే టూర్ నడుస్తుందో కూడా అడగండి. ఎనిమిది మంది చేరకపోతే రద్దు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ సంగతి విమానం టికెట్లు కొన్నాక తెలిస్తే కష్టం.

తరోకో గురించి విడిగా చెప్పాలి. తైవాన్ టూర్ ఏదైనా ఆ పాలరాతి లోయ ఫోటోతోనే మొదలవుతుంది. 2024 ఏప్రిల్ 3న హువాలియెన్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది, రిక్టర్ మీద 7 దాటింది. లోయలో కొండచరియలు విరిగిపడి నడక దారుల్లో చాలావరకు మూతపడ్డాయి. తెరవడం కొంచెం కొంచెంగా జరుగుతోంది. అయినా చాలా ప్లాన్లలో "తరోకో పూర్తి రోజు" అని పాత మాటే ఉంది. ఆ రోజు ఏయే చోట్ల బస్సు దిగుతాం, ఎక్కడ నడుస్తాం అని పేర్లతో అడగండి. పార్కు వెబ్‌సైట్‌లో ఏ దారి తెరిచి ఉందో రోజూ రాస్తారు, దానితో సరిచూసుకోండి. ప్రవేశ ద్వారం దగ్గర ఫోటో తీయించి పూర్తి రోజు అనిపించేవాళ్ళున్నారు. అదే జిల్లాలో 2025 సెప్టెంబర్‌లో తుఫాను వానలకు గువాంగ్‌ఫు ఊరు పైన కొండచరియల వల్ల ఏర్పడ్డ చెరువు పొంగి వరద ముంచెత్తింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. తూర్పు వైపు ప్లాన్ ఎప్పుడైనా మారొచ్చు, ఆ మార్పును రాత్రికి రాత్రి చేయగల మనిషి ఉంటే మీకు టెన్షన్ ఉండదు. గైడుకు ఇచ్చే డబ్బు అసలు దీనికోసమే. చరిత్ర చెప్పడానికి ఫోన్ చాలు.

హువాలియెన్ నుంచి తైపేకు రైలు రెండు గంటలు, పోటీ మాత్రం విపరీతం. టికెట్లు నాలుగు వారాల ముందు తెరుస్తారు, శని ఆదివారాలవి వెంటనే అయిపోతాయి. పుయుమా, తరోకో రకం ఎక్స్‌ప్రెస్‌లలో నిలబడి వెళ్ళే టికెట్ కూడా ఇవ్వరు. ఒక ఆదివారం సాయంత్రం ఆ స్టేషన్‌లో గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం నలుగురు, పెట్టెలతో, రాత్రి విమానం పెట్టుకుని, కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నారు. చివరికి టాక్సీ మాట్లాడి పంపాం. టూర్ తీసుకున్నా తీసుకోకపోయినా ఆ ఒక్క రైలు ముందే కొనాలి, వీలైతే వారం మధ్యలో పెట్టుకోవాలి.

అలీషాన్ దగ్గర మీ నాన్నగారి మోకాళ్ళ మాట వస్తుంది. ఊరు 2,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది, నవంబర్ తెల్లవారుజామున స్వెట్టర్ మీద జాకెట్ వేసినా చలే. సూర్యోదయానికి చూషాన్ దాకా చిన్న రైలు వెళ్తుంది, చూసే చోటు స్టేషన్ పక్కనే. కాబట్టి ఆయన వెళ్ళొచ్చు. వచ్చేటప్పుడు గ్రూపుతో పాటు మెట్లు దిగకుండా మళ్ళీ రైలే ఎక్కాలి, ఇది గైడుకు ముందురోజే చెప్పండి. మబ్బు పడితే సూర్యుడు కనిపించడు, డబ్బులు వెనక్కి రావు. సూర్యుడి కన్నా ఆ పాత సైప్రస్ చెట్ల మధ్య కట్టిన చెక్కబాట నాకు ఎక్కువ ఇష్టం, అందులో చదునైన ముక్క కూడా ఉంది. కలప దించుకోవడానికి జపాన్‌వాళ్ళు వేసిన ఆ కొండ రైలు 2009 తుఫానులో తెగిపోయి, చియాయి నుంచి పైదాకా మళ్ళీ 2024 జులైలోనే నడిచింది. టికెట్ దొరికితే దిగేటప్పుడు ఎక్కండి. రోడ్డు మీదయితే మలుపులకు కడుపులో తిప్పుతుంది, వాంతుల మాత్ర ఎక్కేముందే వేయించండి.

తిండి. అందరికీ ఇదే భయం, నిజానికి తూర్పు ఆసియాలో శాకాహారికి తైవాన్ అంత సులువైన చోటు ఇంకోటి లేదు. బౌద్ధులు ఎక్కువ. ప్రతి ఊళ్ళో శాకాహార బఫేలుంటాయి, ప్లేటు నింపుకుని తూకం వేయించి డబ్బు కట్టాలి. బోర్డు మీద స్వస్తిక్ లాంటి గుర్తు ఉంటే అది శాకాహార హోటల్. ఈ హోటళ్ళలో చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. నవంబర్ అంటే కార్తీకమాసం తగులుతుంది కదా, అమ్మగారికి ఆ పట్టింపు ఉంటే తైవాన్‌లో ఇంట్లో కన్నా సులువు. చిక్కు రెండు చోట్ల వస్తుంది. మామూలు హోటల్‌లో కూరగాయల సూప్ అన్నా దాని నీళ్ళు పంది ఎముకలవో చేపవో కావచ్చు. శాకాహార హోటల్‌లో మాంసంలా కనిపించే వంటకంలో గుడ్డు ఉండొచ్చు. ప్యాకెట్ల మీద గుడ్డు ఉందా, పాలున్నాయా అన్నది విడివిడిగా రాస్తారు, చైనీస్‌లో. అందుకే గైడు చేత ఒక కార్డు రాయించుకోండి: మాంసం, చేప, గుడ్డు, వాటి రసం వద్దు అని. గ్రూపు టూర్లో గుండ్రటి బల్ల చుట్టూ పది మందికి కలిపి వడ్డిస్తారు, శాకాహారులు ఇద్దరే అయితే వాళ్ళ ముందు ఉడికించిన ఆకుకూర ఒక్కటే మిగులుతుంది. పెద్దవాళ్ళిద్దరికీ విడి ప్లేటు ఇస్తారా అని అడిగి తేల్చుకోండి. కౌషుంగ్ దగ్గర ఫో గువాంగ్ షాన్ బౌద్ధ క్షేత్రం మీ దారిలో ఉంటే మధ్యాహ్నం భోజనం అక్కడే పెట్టించండి. పీఠంతో కలిపి 108 మీటర్ల బుద్ధుడు, భోజనమంతా శాకాహారం.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్ళాలి అంటే, పొడులు, ఆవకాయ సరే. చికెన్ పచ్చడి, గోంగూర మటన్ మాత్రం వద్దే వద్దు. మాంసం కలిసినవి ఏవీ దేశంలోకి రానివ్వరు, పంది మాంసం విషయంలో మొదటిసారికే 2 లక్షల తైవాన్ డాలర్ల దాకా జరిమానా ఉంది. వాళ్ళ డాలరు మన రెండున్నర, మూడు రూపాయల మధ్య. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా వద్దు. ఇంకో మాట, అక్కడ కరెంటు 110 వోల్టులు. మన రైస్ కుక్కర్ పిన్నుకు అడాప్టర్ పెట్టినా వేడి నాలుగో వంతే వస్తుంది, బియ్యం ఉడకదు, ఊరుతుంది అంతే.

నవంబర్ మంచి నెలే, తుఫానులు దాదాపు వెనకబడతాయి. తైపే, దాని దగ్గరి కొండ ఊరు జియుఫెన్ వైపు ఈశాన్య గాలికి జల్లు పడుతుంటుంది. జియుఫెన్ అంటే మెట్లే మెట్లు, వానలో జారతాయి, నాన్నగారికి పైన టీ దుకాణంలో కూర్చోవడమే మేలు. దక్షిణాన ఎండగా ఉంటుంది, కానీ కెంటింగ్‌లో అక్టోబర్ నుంచి కొండ మీద నుంచి దిగే గాలి మనిషిని తోసేస్తుంది. మీ నలుగురికీ కెంటింగ్ తీసేయమంటాను. కౌషుంగ్ నుంచి నేరుగా రైల్లో తైతుంగ్ వెళ్ళిపోండి, రెండు గంటల చిల్లర. సొరంగాల మధ్య సముద్రం కనిపిస్తుంది. కెంటింగ్‌కు పెట్టే రోజు తైతుంగ్‌కు ఇవ్వండి. ఆ జిల్లాలోని చిషాంగ్ ఊరి వరి పొలాలు నవంబర్‌లో కోతకొస్తాయి, కోనసీమ నుంచి వచ్చిన మా ప్రయాణికులు అక్కడ మడి గట్టు మీద నిలబడి విత్తనం గురించి గైడును గంటసేపు విసిగించారు. గైడుకు ఒక్క జవాబూ తెలియదు పాపం.

వీసా మీకు సమస్య కాదు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్న భారతీయులకు ట్రావెల్ ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది, ఒక్కో రాకకు 14 రోజుల దాకా ఉండొచ్చు. పాస్‌పోర్టు మారి ఉంటే వీసా ఉన్న పాతది కూడా పట్టుకెళ్ళండి. "వీసా సర్వీస్" అని దీనికి ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. అరైవల్ కార్డు కూడా ఇప్పుడు ఆన్‌లైనే, దిగడానికి మూడు రోజుల లోపు నింపాలి. హైదరాబాద్ నుంచి సింగపూర్, బ్యాంకాక్ లేదా హాంకాంగ్ మీదుగా వెళ్ళాలి.

డబ్బు లెక్క. టూర్ అయితే నలుగురికి 7 లక్షల 20 వేలు. సొంతంగా అయితే, ఇంగ్లీషు కాస్త వచ్చిన డ్రైవరుతో వ్యాన్ రోజుకు సుమారు 10 వేల తైవాన్ డాలర్లు, మేం ఇచ్చే ధర అటూ ఇటూగా అంతే. రెండు రోజులు లేక్, అలీషాన్, చియాయికి, రెండు రోజులు తైతుంగ్, తూర్పు తీరం, హువాలియెన్‌కు. నాలుగు రోజులు కలిపి లక్షా పదీ ఇరవై వేలు. మధ్యరకం హోటళ్ళు, రైళ్ళు, తిండి, టికెట్లు కలిపి నాలుగున్నర, ఐదు లక్షల్లో అయిపోతుంది. మిగిలేది రెండు లక్షల పైచిలుకు. ఆ రెండు లక్షలకు మీకు దక్కేది, ప్లాన్ చెడిపోయినప్పుడు ఫోన్ పట్టుకుని పరుగెత్తే మనిషి. అది మీరే చేయగలిగితే, మీ ఇద్దరిలో ఎవరో ఒకరికి అలా సర్దుకునే ఓపిక ఉంటే, సొంతంగా వెళ్ళండి. సెలవు పెట్టుకున్నదే అలాంటి పనులు చేయకుండా ఉండటానికి అనుకుంటే టూర్ తీసుకోండి, కానీ హోటళ్ళు ఏడు కాకుండా ఐదారు చేయమని బేరమాడండి. టిప్పులు ధరలో ఉన్నాయా లేవా కూడా అడగండి, అక్కడ హోటల్‌లో టిప్పు ఇవ్వరు గానీ గైడు, డ్రైవరు మాత్రం ఆశిస్తారు.

నేనైతే మీ నలుగురికీ ఇలా వేస్తాను: తైపే రెండు రాత్రులు, సన్ మూన్ లేక్ ఒకటి, అలీషాన్ ఒకటి, తైనాన్ రెండు, తైతుంగ్ రెండు, హువాలియెన్ ఒకటి, మర్నాడు రైల్లో తైపే వచ్చి రాత్రి విమానం. ఇందులో అన్నిటికన్నా ముందు దొరకనిది అలీషాన్ పార్కు లోపల గది, ఉన్నవే కొన్ని హోటళ్ళు. తేదీలు అనుకున్నాక మొదట ఆ గది చూడండి, అది దొరికిన తేదీని బట్టి విమానం కొనండి. శనివారం రాత్రి మాత్రం వద్దు, ఆ రోజు తైవాన్‌లో సగం మంది అక్కడికే వస్తారు.